మూడు చుక్కల బోల్టు కోసం అరసవల్లి ప్రయాణం

చీపురుపల్లిలో మా ఇంటి నుంచి స్టేషనుకి నడిస్తే ఇరవై నిమిషాలు. ఆటోవాడు ముప్పై రూపాయలు అడుగుతాడు. నడిచాను. బుధవారం ఉదయం ఏడుంబావుకల్లా ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. ఆమదాలవలసకి పాసింజరు టికెట్టు పది రూపాయలు. ఏడూ ఇరవై అయిదుకి రావలసిన బండి ఏడూ నలభైకి వచ్చింది.

చేతిసంచిలో చిన్న టార్చిలైటు, భూతద్దం, తుపాకీ నూనె సీసా, తుడవడానికి మెత్తటి గుడ్డముక్కలు రెండు, నా లైసెన్సు పుస్తకం, ఆధార్ కార్డు, మధ్యాహ్నానికి పెరుగన్నం డబ్బా పెట్టుకున్నాను. అన్నిటికీ అడుగున, ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఒక పాత ఇన్లాండు ఉత్తరం. అది నేను రాసింది కాదు, నాకు వచ్చిందీ కాదు. దాని సంగతి చెప్పాలంటే ముందు తుపాకుల సంగతి చెప్పాలి.

మా ఆయన సైన్యంలో తుపాకులు బాగుచేసే పని చేశారు. పింఛనుకొచ్చాక విజయనగరంలో ఒక తుపాకుల షాపులో అదే పనికి కుదిరారు. ఆయనకి చుట్టా లేదు, పేకాటా లేదు. ఉన్న పిచ్చి ఒకటే, పాత సైనిక రైఫిళ్ళు. స్తోమతుకి తగ్గట్టు లైసెన్సు మీద ఒకటి కొనుక్కున్నారు. కొనలేనివాటిని వెళ్ళి చూసి, నంబర్లు కాగితం మీద రాసుకుని, కొన్నంత సంతోషంగా ఇంటికొచ్చేవారు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఆయన పక్కన కూర్చుని తుడిచీ తుడిచీ, ఏది మంచిదో ఏది పాడైందో నాకూ పట్టుబడింది. ఆయన పోయాక లైసెన్సు నా పేరున మార్పించుకున్నాను. రెండు తుపాకుల దాకా ఉంచుకోవచ్చు. ఉన్నది ఒకటే.

ఆ ఉన్నది మస్కెట్టు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో అది సైన్యంలో రైఫిలు. తర్వాత గొట్టం లోపలి గీతలు తీయించి, ఒక్కొక్క తూటాయే పట్టేట్టు చేసి, కాపలావాళ్ళకి ఇచ్చారు. కొన్ని పందుల బెడద ఉన్న రైతులకి లైసెన్సు మీద చేరాయి. దాని వెనక తలుపుగడియ లాంటి ఇనుపకడ్డీ ఒకటి ముందుకీ వెనక్కీ ఆడుతుంది. అదే బోల్టు. తూటా వెనక మూసేది అది, పేల్చే సూది ఉండేదీ దాంట్లోనే. ఏ తుపాకీ బోల్టు ఆ తుపాకీకే సరిపెట్టి, రెండిటి మీదా ఒకే నంబరు కొడతారు. నంబర్లు కలవకపోతే పాత తుపాకులు పోగుచేసేవాళ్ళు పెదవి విరుస్తారు. అది డబ్బు సంగతి. అంతకంటే పెద్ద సంగతి, సరిపడని బోల్టుతో పేలిస్తే మంట వెనక్కి వచ్చి మనిషి మొహమే పోవచ్చు.

నేను చేసిన పని ఇది. మా పెద్దమ్మాయి ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, దసరాకి షాపులో ఆయుధపూజ. శుభ్రం చేద్దామని నేనూ వెళ్ళాను. అంట్లు తోమినట్టే తుపాకులూ ఒకసారే తోమేద్దామనుకున్నాను. పూజకి తెచ్చిన మా ఆయన మస్కెట్టు బోల్టు, బాగుచేయించుకోడానికి ఎవరో రైతు ఇచ్చిన మస్కెట్టు బోల్టు, రెండూ విప్పి ఒకే కిరసనాయిలు డబ్బాలో వేసి కడిగాను. తుడిచి మళ్ళీ పెట్టేశాను. నంబరు చూడాలని నాకు తోచలేదు. మర్నాడు ఆ రైతు తన తుపాకీ పట్టుకుపోయాడు. మూడు నెలల తర్వాత మా ఆయన మా తుపాకీ నూనె పెట్టబోయి, బోల్టు మీద వేరే నంబరు చూశారు. నా వైపు చూశారు. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రే కూర్చుని ఆ రైతుకి ఉత్తరం రాశారు. రెండు వారాలకి ఉత్తరం తిరిగొచ్చింది, ఆ మనిషి ఊళ్ళో లేడని. ఆయనే వెళ్ళి వాకబు చేశారు. ఎటు పోయారో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ ఉత్తరమే నా సంచిలో ఉన్నది. అతికించింది అతికించినట్టే ఉంది. ఇంకొకరి పేరున్న ఉత్తరం విప్పకూడదని మా నాన్న చెప్పాడు. నేను విప్పలేదు.

అప్పటినుంచి ఎక్కడ పాత మస్కెట్టు ఉందని తెలిసినా మా ఆయన వెళ్ళేవారు. ఆయన తర్వాత నేను వెళ్తున్నాను. బొబ్బిలి వెళ్ళాను, పార్వతీపురం రెండుసార్లు వెళ్ళాను. మా దగ్గర ఉండిపోయిన బోల్టు మీద నంబరు 4163. ఆ నంబరు తుపాకీ ఎక్కడుందో అక్కడ ఆ రైతు సంగతి తెలుస్తుంది. బతికి బట్టకట్టాడా, నా చేతి పని వల్ల చూపో ప్రాణమో పోగొట్టుకున్నాడా. నాకు కావలసింది ఆ ఒక్క సమాధానం. పోయిన వారం షాపాయన కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, అరసవల్లిలో ఒకావిడ మస్కెట్టు అమ్ముతాదట. భర్త పేరు సింహాద్రి. లైసెన్సు పుస్తకం వానకి తడిసిపోయి నంబరు సగమే కనిపిస్తన్నాది, నలభై ఒకటి వరకు. ఎల్లి సూసి సెప్పు." నేను వెతుకుతున్న రైతు పేరూ సింహాద్రే. కాని మా జిల్లాల్లో ఒక వీధిలో పిలిస్తే నలుగురు సింహాద్రులు పలుకుతారు. ఆశ పెట్టుకోకుండానే, బాగుంటే కొందామని బయల్దేరాను.

బండిలో నా ఎదురుగా చేపలమ్మే ఆవిడ కూర్చుంది. ముందురోజు ఎండుచేపలు అమ్మడానికి వచ్చి, చుట్టాలింట్లో ఉండిపోయి, ఖాళీ గంపలతో తీరానికి తిరిగిపోతోంది. నేను సంచి ఒళ్ళోనే పెట్టుకోవడం చూసి, "ఏటప్పా, బంగారమేటి అందులో?" అంది.

"భూతద్దం."

"సూపు ఆనట్లేదేటి?"

"ఆనుతోంది. తుపాకీ చూడటానికి."

ఆవిడ నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసింది. "కోడలితో అంత పడట్లేదేటప్పా?"

పెట్టెలో అందరూ నవ్వారు. నాకు నవ్వు తొందరగా రాదు. కాని ఆవిడే లేచి, "ఇలగ కూకో, ఎండ అటు కొడతన్నాది" అని తన కిటికీ సీటు నాకిచ్చింది. పొందూరు దాటేదాకా తన మోకాళ్ళ నొప్పుల సంగతులు చెప్పింది, నా నొప్పుల సంగతులు అడిగింది. ఎండుమెత్తళ్ళు గుప్పెడు కాగితంలో కట్టి ఇచ్చింది. డబ్బులివ్వబోతే, "తుపాకీ అమ్మాక ఇద్దువుగాని" అంది. కొనడానికి వెళ్తున్నానని చెప్పేలోపల బండి ఆగింది.

ఎనిమిదీ నలభైకి ఆమదాలవలసలో దిగాను. స్టేషను బయట శ్రీకాకుళం బస్సు సిద్ధంగా ఉంది. పల్లెవెలుగు బస్సుల్లో మన ఆడవాళ్ళకి టికెట్టు లేదు, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉంచుకోండి. ఇలాంటి సదుపాయం మా ఆయన బతికుండగా ఉంటే ఆయన లెక్క కాగితంలో నా పేరున ప్రతిసారీ సున్నా రాసుకుని మురిసిపోయేవారు. తొమ్మిదింబావుకి శ్రీకాకుళం బస్టాండు కాంప్లెక్సులో దిగి, షేరు ఆటోలో ఇరవై రూపాయలకి అరసవల్లి చేరాను. "దర్శనానికైతే ఆదివారం రావాల్సిందమ్మా" అన్నాడు ఆటో అబ్బాయి. నాకు రద్దీ గిట్టదు, పని ఉన్నవాళ్ళకి బుధవారమే మంచిది. రాత్రి ఉండవలసినవాళ్ళకి గుడి వీధిలో లాడ్జీలున్నాయి. సాయంత్రానికి తిరిగిపోయేదాన్ని, నేను ధర అడగలేదు.

సూర్యదేవుడి గుడి గోపురానికి బయటినుంచే దండం పెట్టుకుని, చెప్పిన గుర్తు ప్రకారం కొబ్బరికాయల కొట్టు దగ్గరికి వెళ్ళాను. కొట్టులో అరవై దాటిన మనిషి, పీచు ఒలుస్తూ కూర్చున్నాడు. పేరు అప్పన్న. తుపాకీ చూడటానికి వచ్చానంటే నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు.

"మగోలెవులూ రాలేదేటమ్మా?"

"తుపాకీకి మగవాళ్ళతో పనేమిటి. చూపించు."

కొట్టు వెనకే ఇల్లు. వాళ్ళ అక్క సూరమ్మ, తుపాకీ అమ్ముతానన్నావిడ, మంచినీళ్ళ చెంబుతో ఎదురొచ్చింది. నాకంటే ఓ అయిదారేళ్ళు చిన్నదై ఉంటుంది. భర్త పోయి నాలుగేళ్ళు. లైసెన్సు తన పేరున ఉంది గాని, మోకాళ్ళు అరిగి దాని గడువు పొడిగించుకోడానికి ఆఫీసుల చుట్టూ తిరగలేకపోతోంది. "పోలీసు స్టేషన్లో ఇచ్చీమంటన్నారు. ఇచ్చీస్తే కరిగించీస్తారట వొదినా. మంచిగా సూసుకునీవోలికి ఇచ్చీద్దామని."

తర్వాత లోపలి గదిలోంచి తుపాకీ తెచ్చి చాప మీద పెట్టింది. చూడగానే నా కళ్ళు జిగేల్మన్నాయి. గొట్టానికి పసుపు, బోల్టుకి కుంకంబొట్టు. ఇనుమంతా కొత్త స్టీలు బిందెలా తళతళలాడుతోంది. పాత తుపాకీ ఇనుము నల్లగా, మందమైన నీలి ఛాయతో ఉండాలి. ఆ ఛాయ మొత్తం పోయింది.

"ఎవరు తోమారు దీన్ని?"

"నానే. దసరా దసరాకీ. సింతపండు, ఇటుకపొడి. అద్దంలా లేదేటి?"

"అద్దంలాగే ఉంది. అదే బాధ. ఇది గంగాళం అనుకున్నావా? నంబర్లన్నీ అరిగిపోయాయి."

అప్పన్న గుమ్మంలోంచి అన్నాడు, "మా అప్ప తోమితే సూరీడైనా అరిగిపోతాడమ్మా. ఆదివారం గుళ్ళోకి అప్పని రానియ్యరు."

"నువ్వు కాయలు ఒలుసుకో పోరా," అంది సూరమ్మ.

మీలో ఎవరైనా పాత తుపాకీ చూడబోతే, ముందు చేయవలసింది ఖాళీదా కాదా అని చూడటం. అమ్మేవాళ్ళు ఖాళీదే అంటారు, అయినా మీ కంటితో మీరు చూడాలి. గొట్టం గోడవైపు పెట్టి, బోల్టు వెనక్కి లాగి టార్చి వేశాను. ఖాళీ. బోల్టు విప్పి పక్కన పెట్టి, గొట్టం వెనక బొటనవేలి గోరు ఆనించి ముందునుంచి చూశాను. గోటి మీద పడిన వెలుగులో లోపలంతా కనిపిస్తుంది. గుంటలు అక్కడక్కడా ఉన్నాయి, ఎక్కువ లేవు. మరమేకులు చూడాలి. మేకు తల గీత చెదిరి ఉంటే తెలియనివాళ్ళెవరో విప్పారని అర్థం. ఇందులో చెదరలేదు. చెక్క పగుళ్ళు చూడాలి, ముఖ్యంగా చెయ్యి పట్టుకునే సన్నం దగ్గర. వెంట్రుకవాసి పగులు ఒకటుంది, లోతు లేదు. తర్వాత నంబర్లు. గొట్టం మొదట్లో ఉండవలసిన చోట భూతద్దం పెట్టినా ఏమీ కనపడలేదు. బోల్టు మీదా నున్నగా పోయింది.

ఆవిడ షాపాయనతో నలభై వేలు చెప్పించింది. ఇంత తోమిన తుపాకీకి పోగుచేసేవాళ్ళెవరూ అందులో సగం పైన ఇవ్వరు. నేనూ అదే మాట నోట్లోకి తెచ్చుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, చెక్కకి ఎవరూ చింతపండు రాయరు. ఈ రకం తుపాకీకి ముందువైపు చెక్క అడుగున కూడా నంబరు కొడతారు. తిరగేసి చూశాను. అక్కడ మురికి గట్టిపడి ఉంది. గుడ్డ మీద రెండు చుక్కల నూనె వేసి నెమ్మదిగా రుద్దాను. మొదట నాలుగు కనిపించింది. ఒకటి. తర్వాత ఆరు. ఆఖరున మూడు. గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకెళ్ళి ఇంకోసారి చూశాను. 4163.

మా ఆయన తన బోల్టు పిడి అడుగున ఉలిమొనతో మూడు చుక్కలు కొట్టుకున్నారు, తన గుర్తుకి. విప్పి పెట్టిన బోల్టు తీసుకుని పిడి కింద గోటితో తడిమాను. మూడూ ఉన్నాయి. ఇటుకపొడి ఆ సందులోకి పోలేదు.

సూరమ్మ ఇచ్చిన చెంబు ఎత్తి నీళ్ళు తాగి అడిగాను, "మీ ఆయనకి దీనివల్ల ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? కళ్ళకి గాని, మొహానికి గాని?"

"దెబ్బా? ఇది పేలితే గదా వొదినా దెబ్బ తగలడానికి," అంది ఆవిడ. "ఒరే, సెప్పరా నీ కత."

అప్పన్న చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి కూర్చున్నాడు. ఈ కథ ఎన్నోసార్లు చెప్పినవాడిలాగే మొదలుపెట్టాడు.

"అప్పటికి నాకు ఇరవై ఏల్లుంటాయమ్మా. మా అప్పోల ఊర్లో బావకి ఏరుసెనగ సేను. పందులు దున్నీసినట్టు తినీస్తన్నాయి. బావ ఇజీనారంలో తుపాకీ బాగు సేయించి తెచ్చినాడు. దసరా ఎల్లిన ఒగటి రెండు నెల్లకి ఇది జరిగినాది. నాను సుట్టపుసూపుకి ఎల్లినాను. తెల్లారీసరికి పొగమంచు, ముందు మనిసి కనపడ్డు. కాల్సుకు తిందామని నల్ల గొంగలి కప్పుకుని, సేన్లో వొంగి కాయలు పీకుతన్నాను. బావ మంచె మీదున్నాడని నాకు తెల్దు. నానొచ్చినానని బావకి తెల్దు. మంచె కాడ టిక్కుమన్నాది. కూసేపాగి మల్లీ టిక్కు. నాను లెగిసి నిలబడి, 'బావా, ఏటా టిక్కు టిక్కు?' అని అడిగినాను."

"పందనుకుని రెండు తూటాలు," అంది సూరమ్మ. "రెండూ పేల్లేదు. ఈడు నవ్వుతన్నాడు సేన్లో నిలబడి. మా మావ మంచె దిగొచ్చి మట్టిలో కూలబడిపోనాడు. మూడు దినాలు కూడు ముట్లేదు. మరింక దాంట్లో తూటా ఎట్టలేదు. పందులు తింటే తిననీ అనీసినాడు. ఆ సేను మొకం సూడలేక, ఆ నెల్లోనే అయినకాడికి అమ్మీసి ఇక్కడికొచ్చీసినాం. అప్పట్నించి దసరా దసరాకీ దీన్ని తోమి బొట్టెట్టుకుంటన్నాం. పేలనందుకు."

అరిగిన బోల్టు వేరే తుపాకీలో పెడితే వెనక కొంచెం సందు ఉండిపోతుంది. సూది తూటాకి గట్టిగా తగలదు. మా ఆయన ఎన్నోసార్లు చెప్పారు ఆ మాట. అది పేలకపోతే అదృష్టం, పేలితే ప్రమాదం అని కూడా చెప్పారు. ఆ రెండోదాన్ని తలుచుకునే నేను ఇన్నేళ్ళూ ఆయుధపూజ రోజు అన్నం సహించక లేచిపోయేదాన్ని. మొదటిది నా ఎదురుగా కొబ్బరిపీచు అంటుకున్న లుంగీతో కూర్చుని ఉంది.

ఊరి పేరు అడిగాను. ఉత్తరం మీదున్న ఊరే. సంచి అడుగునుంచి ప్లాస్టిక్ కవరు తీసి, ఇన్లాండు ఉత్తరం సూరమ్మ చేతిలో పెట్టాను. "ఇది మీ ఆయనకి మా ఆయన రాసింది. మీరు ఊళ్ళో లేరని తిరిగొచ్చింది. మీ సొత్తు మీకిస్తున్నాను."

ఆవిడకి చదువు రాదు. అప్పన్న కళ్ళజోడు పెట్టుకుని, మడతలు చిరక్కుండా విప్పి, బిగ్గరగా చదివాడు. అందులో ఏముందో నేనూ అప్పుడే వినడం.

"సింహాద్రి నాయుడు గారికి నమస్కారం. మీ మస్కెట్టు దయచేసి పేల్చవద్దు. దసరా రోజు బోల్టులు విప్పి తుడిచినప్పుడు నా చేతుల్లో అవి తారుమారయ్యాయి. మీది నా దగ్గర ఉంది. కబురు పెడితే నేనే వచ్చి మార్చి ఇస్తాను. ఇందులో షాపువారి పొరపాటు గాని, ఇంకెవరి పొరపాటు గాని లేదు. విప్పింది నేను, పెట్టింది నేను. తప్పు పూర్తిగా నాది."

అప్పన్న చదవడం ఆపాడు. కింద సంతకం చూపించాడు. ఆయన సంతకమే, చివర గీత పైకి లాగి.

"మంచి మనిసి మీ ఆయన. తప్పు ఒప్పుకుంటా ఉత్తరం రాసినాడు," అంది సూరమ్మ.

ఆ మాట నేను అలాగే ఉండనివ్వలేకపోయాను. "అది అబద్ధం. ఆయన ఆ రోజు ఆ బోల్టులు ముట్టుకోలేదు. విప్పింది నేను, పెట్టింది నేను. నంబరు చూడకుండా పెట్టింది నేను. ఆ ఉత్తరంలో నా పేరు లేదు, ఉండాల్సింది నా పేరు."

బయట ఎవరో కొబ్బరికాయ అడుగుతున్నారు, అప్పన్న లేవలేదు. సూరమ్మ ముందుకు వంగి నా కుడిచెయ్యి పట్టుకుంది, వైద్యం చేసేవాళ్ళు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే మా తమ్ముడు బతికింది నీ సేతి సలవేనేటి వొదినా."

"చలవా లేదు, ఏమీ లేదు. పొరపాటు చేశాను. మంచి పని చేసినట్టు చెప్పకు."

"నువ్వు ఏటి సేసినావో నువ్వు సెప్పుకో. నాకేటి దక్కిందో నాను సెప్పుకుంటాను," అంది ఆవిడ.

అప్పన్న ఉత్తరం మడతపెట్టాడు. "ఈ ఉత్తరం బేగి రాసి, బేగి అంది ఉంటే నాను లేను గదమ్మా." ఎప్పుడూ నవ్వించే మనిషి, ఈసారి నవ్వలేదు. లేచి కొట్టులోకి వెళ్ళి, అడిగినవాళ్ళకి కొబ్బరికాయ ఇచ్చి, చాలాసేపటికి గాని లోపలికి రాలేదు.

నా పెరుగన్నం డబ్బా మూత తీయనివ్వలేదు. పన్నెండున్నరకి వేడన్నం, గోంగూర పప్పు పెట్టారు. రైల్లో ఆవిడ ఇచ్చిన మెత్తళ్ళు తీసి ఇస్తే సూరమ్మ వేయించింది. ముగ్గురం తిన్నాం. నా తిండికి ఆ రోజు ఒక్క రూపాయి ఖర్చవలేదు, పెట్టినవాళ్ళ పేర్లు మాత్రం గుర్తుంచుకున్నాను.

తర్వాత బేరం. ఇరవై వేలు మించి ఇవ్వకూడదని ఇంట్లో అనుకుని వచ్చాను. ఇప్పుడు సూరమ్మే, "నీ దగ్గర డబ్బులేటి తీసుకుంటాను వొదినా, ఒగ్గీ" అంటుంది. నేనేమో చెప్పిన ధరంతా ఇస్తానంటాను. ఇలాంటి బేరం నేను ఎప్పుడూ ఆడలేదు. చివరికి నలభై వేలకే ఒప్పించాను. రానూపోనూ ఆటో డబ్బులు మాత్రం నలభై రూపాయలు తగ్గించుకోమన్నాను, ఎందుకంటే వచ్చింది తన సరుకు చూడటానికే గదా. "అదేటో నీ లెక్క," అని నవ్వింది.

తుపాకీ సంచిలో వేసుకుని తెచ్చుకునే వస్తువు కాదు. షాపాయన కొడుక్కి అక్కడినుంచే ఫోన్ చేశాను. ముందు ఆఫీసులో అనుమతి, తర్వాత షాపు ద్వారా ఆవిడ పుస్తకంలో తీసివేసి నా పుస్తకంలో ఎక్కించడం. అప్పటిదాకా అది సూరమ్మ ఇంట్లోనే. మీరు ఎవరైనా కొంటే ఈ వరస తప్పించకండి, చుట్టాలైనా సరే. ఒక్కటి మాత్రం ఖచ్చితంగా చెప్పి వచ్చాను, ఇక చింతపండు ముట్టించొద్దని. "మరి ఈ దసరాకి?" అంది. "మెత్తటి గుడ్డతో తుడిచి, చెక్కకి బొట్టు పెట్టుకో" అన్నాను.

సూరమ్మ, నేను మూడింటికి గుడికి వెళ్ళాం. ఉచిత దర్శనం వరసలో పది నిమిషాలు పట్టింది. అప్పన్న కొబ్బరికాయ ఇచ్చాడు, డబ్బులిస్తే ముఖం తిప్పుకున్నాడు. లోపల నేను ఏమీ కోరలేదు. వచ్చినదానికి దండం పెట్టుకుని బయటికొచ్చాను.

నాలుగింటికి బయల్దేరేటప్పుడు సూరమ్మ గుమ్మంలో అడిగింది, "మీ తుపాకీ మా తుపాకీ ఒక్క ఇంట్లోనే ఉంటాయిగదా. దేని బోల్టు దానికి పెట్టీస్తావేటి?"

"పెట్టాలి. నంబర్లు కలవాలి గదా."

"పెట్టీ," అంది. ఆవిడ మొహం మాత్రం ఆ మాట అనలేదు. నన్ను ఆటో ఎక్కించి, కొంగుతో నా సంచి మీద దుమ్ము దులిపింది.

కాంప్లెక్సులో బస్సుకి ఆ కండక్టరూ ఆధార్ చూసి ఊరుకున్నాడు. ఆమదాలవలసలో అయిదింబావు పాసింజరు అయిదూ ముప్పైకి వచ్చింది. టికెట్టు పది రూపాయలు. కిటికీ పక్క సీటు దొరికింది. పొందూరు దగ్గర నూలు బేళ్ళతో ఒకాయన ఎక్కి, సంచి పైన పెట్టమంటారా అని అడిగాడు. ఒళ్ళోనే ఉంచుకున్నాను. ఉత్తరం ఇచ్చేశాక సంచి తేలికైంది, అయినా అలవాటు.

చీపురుపల్లి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. మా ఆయన ఇన్నేళ్ళు తిరిగింది ఆ నంబర్లు కలపడానికే. బోల్టు మార్చడం నాకు రెండు నిమిషాల పని. మారిస్తే రెండు తుపాకులకీ ధర పెరుగుతుంది, చూడవచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. కాని ఆయన తిరిగింది ధర కోసం కాదు. ఆ రైతు క్షేమం కోసం, నేను అన్నం దగ్గరినుంచి లేచిపోకుండా ఉండటం కోసం. ఆ రెండూ ఈ రోజుతో అయిపోయాయి. మూడు చుక్కల బోల్టు ఒకసారి ఉండవలసిన చోట ఉండి ఒక మనిషిని కాపాడింది. దాన్ని అక్కడినుంచి కదిలించే హక్కు నాకు లేదు. రెండు తుపాకులూ మా గదిలో పక్కపక్కనే ఉంటాయి, దీని బోల్టు దాంట్లో, దాని బోల్టు దీంట్లో. తూటా ఎలాగూ పెట్టేది లేదు. చూడవచ్చినవాళ్ళు పెదవి విరిస్తే విరుచుకోనీ.

ఆరూ ఇరవైకి స్టేషన్లో దిగి ఇంటికి నడిచాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి చెప్పవలసింది చాలావరకు చెప్పాను. బళ్ళు కొంచెం ఆలస్యం, మనుషులు మంచివాళ్ళు, అరసవల్లి కొబ్బరికాయ బాగా పీచు తీసి ఇస్తారు. ఇంకొక్కటి మిగిలింది. మా ఆయన నలభై ఏళ్ళ కాపురంలో నాకు తెలిసి ఎవరికీ అబద్ధం చెప్పలేదు. చెప్పింది ఆ ఉత్తరంలో ఒక్కటే. దాన్ని అతికించి పోస్టు చేసి, తిరిగొచ్చాక ఇంట్లోనే నా కళ్ళముందు ఉంచి, పోయేదాకా నాతో ఒక్క మాట అనలేదు.